34 టీషర్టులు, ఒక బొంత, ఇంట్లో మూడు మాటలు

టెక్సాస్‌లోని ఫ్రిస్కో నుంచి ఒక తల్లి రాసిన ఉత్తరం ఇది. పేరు వేయొద్దన్నారు. ఉత్తరం చాలా పెద్దది కాబట్టి సంగతి మాత్రం చెబుతాను.

వాళ్ళబ్బాయి ఒక్కడే సంతానం. మే చివర్లో హైస్కూల్ చదువు అయిపోతుంది, ఆగస్టులో ఆస్టిన్‌లో కాలేజీ హాస్టల్‌కి వెళ్తాడు. అక్కడ చాలా ఇళ్ళలో పిల్లల స్కూలు టీషర్టులన్నీ దాచి, చదువు పూర్తయ్యే వేళకి వాటిని చతురస్రాలుగా కత్తిరించి క్విల్ట్, అంటే మన బొంత లాంటిది, కుట్టించి ఇవ్వడం ఒక ఆనవాయితీ. పక్కింటి వాళ్ళ గ్రాడ్యుయేషన్ పార్టీలో గోడకు వేలాడదీసిన అలాంటి క్విల్ట్ చూసినప్పటి నుంచి ఈవిడ కూడా బాబు రెండో తరగతి టీషర్టుల దగ్గర్నుంచి ఒక సూట్‌కేసులో దాస్తూ వచ్చారు. ఇప్పుడు లెక్కపెడితే 34 ఉన్నాయి. స్పెల్లింగ్ బీ, లెక్కల పోటీల టీషర్టులు 9. క్రాస్ కంట్రీ పరుగు జట్టువి 6, రోబోటిక్స్‌వి 5, తెలుగు బడివి 4, వేసవి శిబిరాలవి 4, క్రికెట్‌వి 3, చిల్లరవి ఇంకో 3.

ఫిబ్రవరిలో తెనాలి దగ్గరి పల్లె నుంచి అత్తగారు వచ్చారు, జులై చివర తిరుగు ప్రయాణం. ఆవిడ బొంతలు కుట్టడంలో చెయ్యి తిరిగిన మనిషి, మనవడు పుట్టినప్పుడు పక్కలోకి తన పాత చీరలతో బొంత కుట్టి పంపింది కూడా ఆవిడే. అయినా ఈ టీషర్టులతో బయట ఒక కంపెనీ చేత క్విల్ట్ కుట్టించబోతున్నారని వినగానే, "పిల్లాడు మొదటిసారి ఇల్లు దాటుతుంటే పాత గుడ్డల బొంత చేతికిచ్చి పంపిస్తావా? అది శుభమా? నలుగురూ ఏమనుకుంటారు? కొత్త దుప్పటి కొను" అన్నారట. ఆ కంపెనీ 400 డాలర్ల పైన అడిగిందని తెలిశాక, "బొంత కుట్టడానికి అంత డబ్బా?" అని రెండు రోజులు మాట్లాడలేదట. పైగా ఇది సాగే గుడ్డ, కుట్టు నిలవదు అని తేల్చేశారట.

బాబు మాత్రం సూట్‌కేసు తెరిచి ఉండగా చూసి, "అవి నావి కదమ్మా, నన్నెవరైనా అడిగారా?" అని వెళ్ళిపోయాడు. భర్త యథాప్రకారం, "మీరూ మీరూ తేల్చుకోండి" అన్నారు. కత్తెర ఇంకా పెట్టలేదు. ఎవరి మాట వినాలి, కుట్టించాలా మానాలా అన్నది ప్రశ్న. చివర్లో ఒక వాక్యం మాత్రం ప్రశ్న కాదు: "వాడు వెళ్ళాక ఆ గది తలుపు తీయడానికి ఏదో ఒక పని ఉండాలనిపిస్తోంది."

అమ్మా,

ముందుగా, కత్తెర పెట్టలేదని రాశారు చూశారా, ఉత్తరంలో నాకు అన్నిటికంటే ఊరటనిచ్చిన మాట అది. అల్లిక గుడ్డని ఒకసారి కోస్తే అంచులు చుట్టుకుపోతాయి, వెనక్కి తీసుకోలేం. ఇంట్లో మూడు అభిప్రాయాలు ఉండగా కోసి ఉంటే ఆ 34 ముక్కలూ ఏళ్ళ తరబడి మాటల్లో పడుతూనే ఉండేవి.

మీరు దీన్ని ఎవరి మాట వినాలన్న తగువుగా రాశారు గానీ, ఉత్తరం రెండుసార్లు చదివాక నాకు అలా అనిపించలేదు. మీ ముగ్గురూ మాట్లాడుతున్నది ఒకే వస్తువు గురించి కాదు. మీ మనసులో ఉన్నది పార్టీలో గోడకు వేలాడే క్విల్ట్. అత్తయ్యగారి కళ్ళ ముందు ఉన్నది పడుకునే బొంత. బాబు దృష్టిలో అవి ఇంకా బట్టలే.

బాబు దగ్గర మొదలుపెడదాం. మీ లెక్క మీరే మళ్ళీ ఒకసారి చూసుకోండి. 34లో 9 స్పెల్లింగ్ బీ, లెక్కల పోటీలవి. వాటిని ఎనిమిదో తరగతిలోనే మానేశాడని, ఆఖరి పోటీ తర్వాత కారులో ఇంటికి వస్తూ ఎవరూ మాట్లాడుకోలేదని మీరే రాశారు. అదే ఉత్తరంలో ఇంకోచోట, పరుగు జట్టు టీషర్టు ఒకటి "చిల్లులు పడినా రాత్రిళ్ళు అదే వేసుకుంటాడు, పారేయనివ్వడు" అన్నారు. ఆ ఒక్కటీ సూట్‌కేసులోకి ఎలా వచ్చిందో మీరు చెప్పలేదు. ఉతికిన బట్టల్లోంచి వచ్చిందని నా అనుమానం! వాడు "నన్నెవరైనా అడిగారా?" అన్నది బహుశా దాని గురించే.

టీషర్టుల క్విల్ట్ అంటే ఒక మనిషి చిన్నతనాన్ని ఇంకొకరు రాసిపెట్టడం. ఏది నడి మధ్యలో ఉండాలి, ఏది అంచుకు పోవాలి, ఏది అసలు ఉండకూడదు అన్నది రాసేవాళ్ళ చేతిలో ఉంటుంది. మీరు రాస్తే మధ్యలో స్పెల్లింగ్ బీ ఉంటుంది. వాడు రాస్తే ఉండదు. రెండూ నిజమైన కథలే. కానీ వాడి మంచం మీద పరిచేది వాడి కథ అయితేనే వాడు దాన్ని పరుస్తాడు, లేకపోతే అది హాస్టల్ అలమరా పై అరలోకి పోతుంది. గదిలో కొత్తగా చేరిన స్నేహితుడు "ఇదేంటి?" అని వేలు పెట్టి అడిగితే ఇష్టంగా చెప్పుకునే ముక్కలే అందులో ఉండాలి.

కాబట్టి అడగండి. అయితే "క్విల్ట్ కుట్టించనా వద్దా?" అని అడిగితే పద్దెనిమిదేళ్ళ పిల్లాడు వద్దనే అంటాడు. టీషర్టులన్నీ హాల్లో నేల మీద పరిచి, "కోయడానికి వీల్లేనివి నువ్వు తీసేసుకో, మిగిలినవి చూద్దాం" అనండి. వాడు ఎన్ని తీసుకుంటే అన్ని, కారణం అడగొద్దు. అన్నీ తీసేసుకుంటే? అప్పుడు క్విల్ట్ లేదు. ఆ అవకాశానికి సిద్ధపడే అడగాలి, లేదంటే అది అడిగినట్టు కాదు. నా అంచనా మాత్రం మూడో నాలుగో తీసుకుని, మిగిలిన వాటిలో రెండింటిని చూసి నవ్వుతాడని.

ఇక అత్తయ్యగారు. ఆవిడ మాటల్లో ఒకటి నూటికి నూరుపాళ్ళు నిజం. సాగే గుడ్డకి కుట్టు నిలవదు. మగ్గం మీద నేసిన చీరకి తెలిసిన సూది, అల్లిన బనీను గుడ్డ మీద తడబడుతుంది. అక్కడ ఈ పని చేసేవాళ్ళంతా ముందు చేసేది అందుకే: టీషర్టు వెనకవైపు పలచని ఫ్యూజింగ్ అతికించడం. మన టైలర్లు కాలర్లలో పెట్టే బక్రం జాతిదే, కాకపోతే బాగా పలచన. ఒకవైపు జిగురు ఉంటుంది, ఇస్త్రీ పెట్టెతో నొక్కితే పట్టుకుంటుంది. అది పడ్డాక గుడ్డ సాగదు. ఈ సంగతి ఆవిడకి చెప్పి చూపించండి. వాదించడానికి కాదు, ఆవిడ పట్టుకున్న లోపం అసలైన లోపమేనని ఒప్పుకోవడానికి. చెయ్యి తిరిగిన మనిషికి అంతకు మించిన మర్యాద లేదు.

పాత గుడ్డలు ఇచ్చి పంపడం శుభం కాదన్న మాట దగ్గర నాకు కొంచెం అనుమానం ఉంది. తన పాత చీరల మెత్తదనం పసివాడి ఒంటికి తగలాలని బొంత కుట్టి సముద్రాలు దాటించిన మనిషి, పాత గుడ్డ అంటే నిజంగా అంతగా వెనకాడుతుందా? తేదీలు చూస్తే, మీరు కంపెనీతో మాట్లాడిన తర్వాతే ఆవిడకి పాత గుడ్డ చేటు అయింది. ఇంట్లో బొంత కుట్టగల మనిషి ఉండగా ఆ పని బయటికి పోతుంటే ఎవరైనా ఏదో ఒక కారణం వెతుక్కుంటారు. నేను పొరబడుతూ ఉండొచ్చు, ఆచారం మీద ఆవిడకి నిజంగానే పట్టింపు ఉండొచ్చు. అలా అయితే బయలుదేరే రోజు ఒక కొత్త దుప్పటి బొట్టు పెట్టి ఇవ్వనివ్వండి. హాస్టల్‌లో ఎలాగూ రెండు కావాలి.

"నలుగురూ ఏమనుకుంటారు" అన్నదానికి మీ టెక్సాస్ నుంచే జవాబు ఉంది. అలబామా రాష్ట్రంలో గీస్ బెండ్ అనే చిన్న పల్లె ఉంది. అక్కడి నల్లజాతి స్త్రీలు చలికి ఆగలేక, పొలం పనులకు వేసుకుని చిరిగిపోయిన ప్యాంట్లు, చొక్కాలు, పిండి సంచులు కలిపి బొంతలు కుట్టుకునేవారు. కడు పేదరికంలో పుట్టిన పని. 2002లో ఆ బొంతలనే మీ టెక్సాస్‌లోని హ్యూస్టన్ ఫైన్ ఆర్ట్స్ మ్యూజియంలో గోడలకు పెట్టి చూపించారు, తర్వాత న్యూయార్క్‌లోనూ చూపించారు. 2006లో అమెరికా తపాలా శాఖ వాటి మీద బిళ్ళలు వేసింది. గీస్ బెండ్ బొంతల్లో ఒకటి మిస్సూరి పెట్‌వే అనే ఆవిడ 1942లో, భర్త పోయాక, ఆయన పని బట్టలన్నీ కలిపి కుట్టింది. వెలిసిన చోట్లు అలాగే ఉంచింది. ఆ బొంతల ఫోటోలు ఫోన్లో తీసి అత్తయ్యగారికి చూపించండి. మ్యూజియం మాట తర్వాత, ముందు కుట్లు చూస్తారు ఆవిడ. విమర్శలు కూడా ఉంటాయి, వినండి.

ఇప్పుడు మీ ముందున్న దారులు.

కంపెనీకి పంపడం తేలిక. చక్కగా, సమానంగా వస్తుంది, హాస్టల్ వాషింగ్ మెషీన్ దెబ్బలకు ఆగుతుంది. కానీ గ్రాడ్యుయేషన్ల కాలంలో వాళ్ళకు పని ఎక్కువ, బాబు గ్రాడ్యుయేషన్ పార్టీ రోజుకు అందుతుందన్న హామీ రాతపూర్వకంగా తీసుకోకుండా డబ్బు కట్టొద్దు. మిగిలిన గుడ్డ తిరిగి ఇస్తారో లేదో కూడా అడగండి. అన్నిటికంటే, జులై దాకా ఇంట్లో ఉండే అత్తయ్యగారు చేతులు కట్టుకుని చూస్తుండాలి. అది 400 డాలర్ల బిల్లులో కనపడని ఖర్చు.

మొత్తం ఆవిడ చేతికే ఇచ్చేయడం రెండోది. మనసుకి బాగుంటుంది, పనికి అంత బాగుండదు. టీషర్టు మీద దళసరిగా అచ్చు వేసిన బొమ్మలోంచి సూది కష్టంగా దిగుతుంది, దిగిన ప్రతి చోటా చిల్లు శాశ్వతంగా ఉండిపోతుంది. వెనక ఫ్యూజింగ్ కూడా ఉంటే డెబ్భై ఏళ్ళ వేళ్ళకు అది శిక్షే. చేత్తో బొంత కుట్టు నిండుగా వేయాలన్న ఆలోచన ఈ గుడ్డతో మానుకోవాలి.

పని పంచుకోవడం మూడోది. నా మొగ్గు దీనివైపే అని దాచను. వాడు నిద్రకి వేసుకునేది వాడికి ఇచ్చేశారనుకోండి, స్పెల్లింగ్, లెక్కలవి 9 పక్కన పెట్టారనుకోండి, 24 మిగులుతాయి. ఒక్కొక్కటి పన్నెండున్నర అంగుళాలకు కోస్తే, కుట్టులోకి చుట్టూ పావు అంగుళం పోయి 12 అంగుళాల చతురస్రం వస్తుంది. అడ్డంగా 4, నిలువుగా 6 పెట్టి, మధ్యలోనూ చుట్టూ కూడా 2 అంగుళాల పట్టీలు వేస్తే 58 బై 86 అంగుళాలు అవుతుంది. అమెరికా హాస్టళ్ళలో మామూలుగా ఉండే పొడవాటి ఒంటి మంచం పరుపు 38 బై 80. రెండు పక్కలా 10 అంగుళాల చొప్పున జారుతుంది, కరెక్టుగా సరిపోతుంది. చిన్నప్పటి టీషర్టుల్లో కొన్నిటి బొమ్మ 12 అంగుళాలు ఉండదు, వాటికి చుట్టూ పట్టీ వెడల్పు పెంచాలి తప్ప గుడ్డని లాగకూడదు.

ఆ పట్టీలు, వెనక అస్తరు అత్తయ్యగారి చీరవి కావాలి. ఐదున్నర మీటర్ల చీర అంటే దాదాపు 216 అంగుళాలు. వెనకవైపుకు చుట్టూ 4 అంగుళాలు ఎక్కువ ఉంచుకుంటే 66 బై 94 కావాలి. చీరని 94 చొప్పున రెండు ముక్కలు చేసి నిలువుగా కలిపితే, చీర పన్నా సుమారు 45 అంగుళాలు కాబట్టి, దాదాపు 90 వెడల్పు వస్తుంది. అంటే ఒక్క చీర చాలు. పక్కన మిగిలే పొడవాటి ముక్కలోంచీ, పమిట దగ్గర మిగిలే దాంట్లోంచీ పట్టీలు చాలావరకు వెళ్ళిపోతాయి. కానీ ఇక్కడ జాగ్రత్త. మెత్తబడిపోయిన పాత చీర పసిపిల్లల పక్కకు పనికొస్తుంది, హాస్టల్ వాషింగ్ మెషీన్‌కు పనికిరాదు. నాలుగు ఉతుకులకు చిరుగుతుంది. ఇంకా బలంగా ఉన్న మంగళగిరి నూలు చీర, అంచు దళసరిగా లేనిది అడగండి. రంగు దిగుతుందేమో వేరేగా ఉతికి చూసుకోండి. ఏ చీర ఇవ్వాలన్నది మాత్రం ఆవిడ ఇష్టం, మీరు అల్మరా తెరిచి ఎంచొద్దు.

ముందువైపు మిషన్ మీద మీరు కలపండి. అల్లిక గుడ్డకి గుండ్రటి మొన ఉన్న జెర్సీ సూది దొరుకుతుంది, 90/14 సైజు తీసుకోండి. టీషర్టులన్నీ ఉతికి పెట్టుకోవాలి, మెత్తదనం కోసం వేసే కండిషనర్ వేయకుండా, అది ఉంటే ఫ్యూజింగ్ జిగురు సరిగా పట్టదు. ముందు ఉజ్జాయింపుగా పెద్ద ముక్క కోసి, ఫ్యూజింగ్ అతికించి, ఆ తర్వాత కొలత ప్రకారం కోయాలి. ఈ వరస తప్పితే 24 చతురస్రాలూ 24 ఆకారాల్లో వస్తాయి. బొమ్మ మీద నేరుగా ఇస్త్రీ పెట్టొద్దు, కరిగి పెట్టెకు అంటుకుంటుంది. పైన నూలు గుడ్డ వేసి నొక్కండి, జరపొద్దు.

తర్వాత చీర, దూది పొర, టీషర్టుల పొర మూడూ నేల మీద పరిచి, ముడతలు తీసి కచ్చా కుట్లు వేయడం అత్తయ్యగారి పని. అక్కడ ఆవిడే మేస్త్రి, మీరు సూదిలో దారం ఎక్కించే మనిషి. ఆ తర్వాత నింపుడు కుట్టు బొమ్మల మీద కాకుండా, చీర పట్టీల వెంట మాత్రమే ఆవిడ దళసరి దారంతో వేస్తే సూది హాయిగా దిగుతుంది. అయితే పట్టీకీ పట్టీకీ మధ్య 12 అంగుళాలు ఖాళీ ఉంటుంది. దూది పొర ప్యాకెట్ మీద కుట్టుకీ కుట్టుకీ ఎంత దూరం ఉండొచ్చో రాసి ఉంటుంది, అంతకంటే ఎక్కువైతే లోపల దూది గడ్డకడుతుంది. అందుకని ప్రతి టీషర్టులో అచ్చు లేని చోట్లు చూసి రెండు మూడు ముడులు వేయించండి. లేదంటే మూడు పొరలూ కలిపి కుట్టడం వరకు లాంగ్ ఆర్మ్ మిషన్, అంటే బొంతలు కుట్టే పెద్ద మిషన్, ఉన్నవాళ్ళకు ఇవ్వొచ్చు. వాళ్ళు చదరపు అంగుళానికి ఇన్ని సెంట్లని తీసుకుంటారు. 3 సెంట్లు అనుకుంటే ఈ కొలతకు సుమారు 150 డాలర్లు. పార్టీకి అందకపోవచ్చు, ఆగస్టుకు అందుతుంది.

నాలుగో దారి ఉంది, మీకు నచ్చదేమో. ఇప్పుడేమీ కుట్టకుండా ఆగడం. ఇరవై రెండేళ్ళ వయసులో వాడే అడగొచ్చు. అప్పటికి కాలేజీవి ఇంకో పది చేరతాయి. నష్టం ఏమిటంటే అత్తయ్యగారు అప్పటికి మళ్ళీ అంత దూరం ప్రయాణం చేయగలరో లేదో. వాడి జవాబు మీద ఇది ఆధారపడుతుంది కాబట్టి కొట్టిపారేయకండి.

మిగిలిన 9 గురించి అనుకుంటున్నారు కదా. స్పెల్లింగ్ బీ రోజుల్లో తెల్లవారుజామున లేచి మాటలు చదివించింది మీరు, వారాంతాల్లో కారు నడిపింది మీరు. ఆ కష్టం మీదీ. వాటితో మీకోసం కుట్టుకోండి. 3 బై 3 పెడితే పట్టీలతో 44 బై 44 వస్తుంది, సోఫాలో కాళ్ళ మీద కప్పుకోవడానికి చక్కగా ఉంటుంది. దాని గురించి కూడా వాడిని ముందు అడగండి, టీషర్టులు వాడివే కాబట్టి. కానీ అది నీ జ్ఞాపకం అని వాడికి అంటగట్టకండి. అది మీ జ్ఞాపకమని చెప్పండి. పిల్లలు దాన్ని ఒప్పుకున్నంత తేలిగ్గా ఇంకేదీ ఒప్పుకోరు.

గది తలుపు సంగతి రాశారు. ఆ పని కోసం బొంత కావాలంటే, ఆ చిన్నదాన్ని ఆగస్టు దాకా మొదలుపెట్టకుండా ఉంచండి. మిషన్ వాడి గదిలో వేసుకోవచ్చు, బల్ల ఎలాగూ ఖాళీ అవుతుంది. దానికీ వాడి అనుమతి అడుగుతారని నాకు నమ్మకం.

ఇప్పటికి చేయాల్సింది: ఈ శనివారమో ఆదివారమో టీషర్టులు నేల మీద పరచడం. పరుగు జట్టువాటిలోనూ క్రికెట్‌వాటిలోనూ జారే పాలిస్టర్‌వి ఉండే ఉంటాయి. వాటిని వేరే కుప్పగా పెట్టండి. వాటికి తక్కువ వేడిలో అతికే ఫ్యూజింగ్ కొనాలి, నూలు టీషర్టుకు పెట్టే వేడి పెడితే గుడ్డే కాలిపోతుంది. ముందు ఒక చేతి ముక్క మీద చూసుకుని గానీ ఒళ్ళు ముక్క జోలికి వెళ్ళొద్దు. అత్తయ్యగారి టికెట్ జులై చివర కాబట్టి మిషన్ పని జూన్ మధ్యకల్లా మీరు ముగించాలి, ఆవిడకి నెల రోజులైనా మిగలాలి. మీవారిని ఇస్త్రీ దగ్గర కూర్చోబెట్టండి, 24 ముక్కలకు ఫ్యూజింగ్ నొక్కడమంటే "మీరూ మీరూ తేల్చుకోండి" అనేంత చిన్న పనేం కాదు.